ఫ్లోరైడ్ ఊరి మనిషి, ఫ్లోరైడ్ కాని జబ్బు: ఒక ఎఫ్‌జీఎఫ్-23 కేసు

మా నల్గొండలో నడుం నొప్పి, కాళ్ల నొప్పి అని ఎవరన్న క్లినిక్‌కి వస్తే డాక్టర్ కంటే ముందు పేషెంటే జబ్బు పేరు చెప్తరు, ఫ్లోరైడ్ సార్ అని. చాలాసార్లు అది నిజమే. 1955లోనే డాక్టర్ సిద్దికీ నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసిండు, నీరీ (పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్లు పటిక, సున్నం కలిపి నీళ్లల్ల ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అనే పేరు పెట్టిన్రు, అంటే ఈ జబ్బుకి మా జిల్లా పేరు అంతగా అతుక్కపోయింది. దాంతోటి వచ్చే తిప్పలేందంటే, ఆ పేరు ఒకసారి ఫైల్ మీద పడ్డదంటే ఇంక వేరే ఏందన్న ఉందా అని ఎవరూ అడగరు. ఈ పేషెంట్ నాలుగేళ్లు అట్లనే తిరిగింది. ఆమె ఎముకలను కరగదీసింది ఎఫ్‌జీఎఫ్-23 అనే ఒక ప్రోటీన్, ఫైబ్రోబ్లాస్ట్ గ్రోత్ ఫ్యాక్టర్ 23 దాని పూర్తి పేరు. పేషెంటు, ఆమె భర్త ఇద్దరూ రాసుకోమన్నరు, గుర్తు పట్టకుండ కొన్ని వివరాలు మార్చిన.

పేషెంట్

42 ఏళ్ల ఆమె, మునుగోడు దిక్కు పల్లె, పత్తి ఏరుడు, నాట్లు, కలుపు, ఏ పని దొరికితే ఆ పని. భర్త ట్రాలీ ఆటో నడుపుతడు. లోపటికి వచ్చేటప్పుడే నడక చూసిన, బాతు నడక అంటం కదా, అటు ఇటు ఊగుకుంట, భర్త భుజం పట్టుకొని వచ్చింది. "కింద కూసుంటే లేవదు సార్, ఇద్దరం పట్టి లేపాలె, బాత్రూంకి పోవాలన్న నేను ఉండాలె" అన్నడు ఆయన. ఆమెని అడిగితే "మా అత్తకు గిట్లనే ఉండె సారూ, ఆమె వంగిపోయింది, ఇగ నేను కూడ వంగిపోత" అన్నది, అదేదో వరుస ప్రకారం వచ్చే విషయం అన్నట్టు, బాధ కూడా లేదు ఆ మాటల.

మొదలైంది అరికాళ్లు, మడమల నొప్పితోటి. ఏడాదికి పక్కటెముకలు, గట్టిగా దగ్గితే కలుక్కుమనేది. తర్వాత తొడలు, నడుం. ఆటో ఎక్కేటప్పుడు కాలు లేవదు, మెట్టు ఎక్కలేదు, తల దువ్వుకునేటప్పుడు చెయ్యి పైకి పట్టుకోలేదు. ఇంకో మాట ఆమె అంతట ఆమె చెప్పింది, ఈ మధ్య పాత చీరలు పొడుగైనట్టు అనిపిస్తున్నయి, కుచ్చిళ్లు ఎక్కువ మడవాల్సి వస్తుంది అని. అంటే ఎత్తు తగ్గింది, వెన్నుపూసలు కుంగుతున్నయి. ఎత్తు తగ్గిందా అమ్మా అని నేరుగా అడిగితే ఎవరూ చెప్పలేరు, చీర సంగతి మాత్రం ఏ ఆడమనిషైనా చెప్తది, అప్పటినుంచి నేను అట్లనే అడుగుతున్న.

ఫైల్ మందం గానే ఉంది. నొప్పి ఇంజెక్షన్లు, డైక్లోఫెనాక్, గ్యాస్ గోళీలు, నడుం బెల్టు, నడుం ఎంఆర్ఐ ఒకటి, అందులో డిస్క్ కొంచెం బయటికి ఉబ్బింది అని రాసి ఉన్నది, 40 దాటిన వాళ్లల్ల ఎవరికి తీసినా అట్లనే రాస్తరు. డి విటమిన్ 60 వేల యూనిట్ల సాషేలు లెక్క లేకుండ తాగింది. ఎవరో చెప్పిన్రని రోజూ చింతపండు పులుసు. ఇది నవ్వే విషయం కాదు, చింతపండు తింటే ఫ్లోరైడ్ మూత్రంల ఎక్కువ పోతదని మన హైదరాబాద్ ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్లే స్టడీ చేసిన్రు, ఊర్లల్ల ఆ మాట ఎట్ల చేరిందో కానీ చేరింది. రెండేళ్ల కింద రక్తం తక్కువ ఉందని ఒక దగ్గర ఐరన్ ఇంజెక్షన్ సెలైన్‌ల పెట్టి ఎక్కించిన్రు, దాని గురించి కింద చెప్త, అది ఈ కేసుల పెద్ద సంగతే.

ఫ్లోరోసిస్ అనిపించనివి

నోరు తెరిపించి పళ్లు చూసిన. గార లేదు, మచ్చల్లేవు, తెల్లగా ఉన్నయి. ఆమె పుట్టిల్లు మిర్యాలగూడ దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింద, పెండ్లయినాకనే ఈ ఊరికి వచ్చింది. పళ్ల మీద ఫ్లోరైడ్ మచ్చ పడాలంటే చిన్నప్పుడు, పళ్లు లోపల తయారయ్యే వయసుల, ఆ నీళ్లు తాగాలె, సుమారు ఎనిమిదేళ్ల లోపు. కాబట్టి పళ్లు బాగున్నయి అన్నంత మాత్రాన ఎముకల ఫ్లోరోసిస్ లేదని అనలేం, ఇరవై ఏళ్లు ఇక్కడి బోరు నీళ్లు తాగింది, భగీరథ నీళ్లు వచ్చేదాకా వాళ్లకు అవే దిక్కు. పళ్లు ఒక అనుమానం మాత్రం పెట్టినయి అంతే.

తర్వాత ఊర్లల్ల క్యాంపులల్ల చేయించే మూడు పనులు చేయించిన. మోకాళ్లు వంచకుండ వంగి కాలివేళ్లు ముట్టుకో, గడ్డం ఛాతీకి ఆనించు, చేతులు తల వెనకకు పెట్టు. ఫ్లోరోసిస్ ముదిరిన మనిషికి లిగమెంట్లు గట్టిపడి ఇవి రావు, మెడ కర్ర లెక్క అయితది. ఈమె మెడ మామూలుగా వంగింది. చేతులు వెనక్కి పోయినయి కానీ అక్కడ నిలవలేదు, బలం లేక పడిపోయినయి. బిగుసుకపోవుడు ఒకటి, బలం లేకపోవుడు ఇంకొకటి. నొప్పి రెండిట్లనూ ఉంటది కాబట్టి పేషెంట్ చెప్పే కథ ఒక్కటే వినిపిస్తది, చెయ్యి పెట్టి చూస్తే తప్ప తేడా దొరకదు. వెన్నుపాము నొక్కుకపోయిన ఫ్లోరోసిస్‌ల రిఫ్లెక్సులు జోరుగా ఉంటయి, కాళ్లు బిర్రుగా ఉంటయి, ఈమెకి అదేం లేదు. తొడలు, భుజాల దగ్గరి కండరాలే బలహీనం, కాలివేళ్లు, మణికట్టు బాగానే ఉన్నయి.

ఎక్స్‌రేలు కొత్తగా తీయించిన, నడుం, కటి, ముంజేయి. ఫ్లోరోసిస్ ఎముక తెల్లగా, చిక్కగా, సుద్దముక్క తీరు కనిపిస్తది, ముంజేతి రెండు ఎముకల నడుమ ఉండే పొరలో కాల్షియం పేరుకుంటది, ఆ ఒక్క ఫిల్మ్ చూస్తే మా దగ్గర కాంపౌండర్ కూడా చెప్పగలడు. ఈమె ముంజేయి శుభ్రంగా ఉంది, ఎముక అంతా పలచగా ఉంది. కటి ఫిల్మ్‌ల రెండు తొడ ఎముకల మెడ దగ్గర, లోపలి వైపు, అడ్డంగా సన్నటి గీతలు, జఘన ఎముకల దగ్గర ఇంకొకటి. వీటినే లూజర్ జోన్స్ అంటరు, ఎముకల మినరల్ పడక మెత్తబడి చిట్లిన చోట్లు. ఆస్టియోమలేషియా, అంటే ఎముకలు మెత్తబడే జబ్బు అని ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలె, ఫ్లోరైడ్ కూడా ఎముకల మినరల్ పడుటను చెడగొడతది, ముఖ్యంగా తిండిల కాల్షియం తక్కువ ఉన్నోళ్లల్ల. 1973ల ఎన్ఐఎన్ శాస్త్రవేత్తలు ఫ్లోరోసిస్ ప్రాంతాల పిల్లలల్ల మోకాళ్లు లోపటికి తిరిగి ఒకదానికొకటి తగిలే వంకర కాళ్లు, పలచబడ్డ ఎముకల గురించి లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌ల రాసిన్రు. అందుకే మెత్తబడ్డ ఎముక కనిపించగానే ఫ్లోరైడ్ కాదు అని కొట్టిపారేయలేం. తేల్చేది రక్తమే.

ఫాస్ఫరస్

పరగడుపున తీసిన రక్తం: కాల్షియం 8.9, ఫాస్ఫరస్ 1.4, ఏఎల్‌పీ (ఎముక జబ్బుల పెరిగే ఎంజైమ్) 412, క్రియాటినిన్ 0.6, పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) 78, డి విటమిన్ 34. పెద్దోళ్లకు ఫాస్ఫరస్ 2.5 నుంచి 4.5 దాకా ఉండాలె. ఫ్లోరోసిస్‌ల ఏఎల్‌పీ పెరుగుతది, పీటీహెచ్ కూడా పెరగొచ్చు, కానీ ఫాస్ఫరస్ మామూలుగా ఇంత పడిపోదు. పాత ఫైల్ తిరగేస్తే మూడేళ్ల కిందటి ఒక బోన్ ప్రొఫైల్ కాగితం దొరికింది, అందులో ఫాస్ఫరస్ 1.6, పక్కన ల్యాబ్ మిషన్ తక్కువ అని గుర్తు కూడా పెట్టింది. ఆ కాగితం మీదనే ఎవరో కాల్షియం గోళీ రాసిన్రు. కాల్షియం, డి విటమిన్ చూస్తరు, ఫాస్ఫరస్ గడి మీద కన్ను ఆగదు, ఇది ఒక్క చోట సంగతి కాదు, ఎంబీబీఎస్‌ల మనకు నేర్పినప్పుడే ఫాస్ఫేట్‌ని (రక్తంల ఫాస్ఫరస్ ఉండే రూపం) కాల్షియంకి తోకగా నేర్పిన్రు.

ఒక్క రిపోర్ట్ చూసి ఎగరొద్దు. తిన్నంక, గ్లూకోజ్ సెలైన్ పెట్టినంక ఫాస్ఫేట్ కణాల లోపటికి పోయి రక్తంల తగ్గినట్టు కనిపిస్తది, అందుకే మళ్లీ పరగడుపున ఇంకోసారి తీయించిన, 1.4 కంటే పెద్దగా మారలేదు.

ఇంక ప్రశ్న ఏందంటే ఫాస్ఫేట్ ఎటు పోతుంది. తినుడు తక్కువా, పేగులు పీల్చుకోవట్లేదా, మూత్రంల పోతుందా. దీనికి పెద్ద టెస్ట్ అక్కర్లేదు, అదే పొద్దున మూత్రం కొంచెం ఇస్తే చాలు. మూత్రంల ఫాస్ఫేట్ 32, క్రియాటినిన్ 48 వచ్చింది. మూత్రం ఫాస్ఫేట్‌ని రక్తం క్రియాటినిన్‌తో గుణించి, దాన్ని రక్తం ఫాస్ఫేట్, మూత్రం క్రియాటినిన్ గుణించిన లెక్కతోటి భాగించి, ఒకటి నుంచి తీసేస్తే కిడ్నీ ఎంత ఫాస్ఫేట్ వెనక్కి లాక్కుంటుందో తెలుస్తది. ఈమెకి 71 శాతం వచ్చింది. రక్తంల 1.4 ఉన్నప్పుడు బాగున్న కిడ్నీ బొట్టు కూడా పోనియ్యదు, 90 దాటి పట్టుకుంటది. దాని నుంచి వచ్చే టీఎంపీ బై జీఎఫ్ఆర్ అనే లెక్క 1.0, ఉండాల్సింది సుమారు 2.5 పైన. అంటే కిడ్నీయే పారబోస్తుంది.

కిడ్నీ గొట్టాలే చెడిపోయి అన్నీ పారబోసే ఫాంకోని జబ్బు కూడా ఉంది, హెచ్ఐవీ, హెపటైటిస్ బి కి ఇచ్చే టెనోఫోవిర్ మందు వాడేటోళ్లల్ల చూస్తం. ఈమె మూత్రంల చక్కెర లేదు, బైకార్బొనేట్ బాగుంది, యూరిక్ యాసిడ్ బాగుంది, అట్లాంటి మందులు వాడలేదు. ఫాస్ఫేట్ ఒక్కటే పోతుంది. కిడ్నీకి ఎవరో పారబొయ్యి అని ఆర్డర్ ఇస్తున్నరన్నమాట.

ఆర్డర్ ఇచ్చేది ఎవరు

ఇప్పుడు ఆ ప్రోటీన్ దగ్గరికి వద్దాం. ఎఫ్‌జీఎఫ్-23ని తయారు చేసేది ఎక్కువగా ఎముకల లోపల ఉండే ఆస్టియోసైట్లు. ఎముక అంటే కాల్షియం గోదాం అనుకుంటం కానీ అది హార్మోన్ కూడా ఇస్తది, ఆ హార్మోన్ రక్తంల పడి కిడ్నీకి పోయి పని చేస్తది. 251 అమైనో ఆమ్లాలుగా తయారైతది, మొదటి 24 సెల్ బయటికి పంపే అడ్రస్ ముక్క, అది తెగిపోతది. ఒంట్ల ఫాస్ఫేట్ ఎక్కువైనా, యాక్టివ్ డి విటమిన్ పెరిగినా ఎముక ఎఫ్‌జీఎఫ్-23ని ఎక్కువ వదులుతది, కిడ్నీ ఫాస్ఫేట్ బయటికి పంపి లెవల్ సరి చేస్తది. చెరువు నిండితే తూము ఎత్తి నీళ్లు వదిలినట్టు. ఈమె ఒంట్ల చెరువు ఎండినా తూము ఎత్తే ఉంది.

కిడ్నీ మీద అది చేసే పని రెండు రకాలు. ఒకటి, గొట్టాల మొదటి భాగంల ఫాస్ఫేట్‌ని వెనక్కి లాగే పంపులు ఉంటయి, ఎన్‌పీటీ2ఏ, ఎన్‌పీటీ2సీ అని, ఎఫ్‌జీఎఫ్-23 వచ్చిందంటే ఆ పంపులు కణం పైపొర నుంచి లోపటికి జారిపోతయి, ఫాస్ఫేట్ మూత్రంల పోతది. రెండోది నాకు క్లినిక్‌ల ఎక్కువ పనికొచ్చే సంగతి. మనం తాగే సాషేల ఉన్న డి విటమిన్ లివర్‌ల ఒకసారి, కిడ్నీల ఒకసారి మారితేనే యాక్టివ్ అయితది. కిడ్నీల ఆ మార్పు చేసే ఎంజైమ్‌ని ఎఫ్‌జీఎఫ్-23 ఆపేస్తది, పైగా ఉన్న యాక్టివ్ డి విటమిన్‌ని పాడు చేసే ఇంకో ఎంజైమ్‌ని పెంచుతది. అందుకే ఈమె డి విటమిన్ రిపోర్ట్ 34 అని చక్కగా ఉంది, యాక్టివ్ రూపం కొలిపిస్తే 14 మాత్రమే, 20 కూడా లేదు. సాషే మీద సాషే తాగినా లోపల తాళం పడి ఉంది. డి విటమిన్ నార్మల్ వచ్చినంక ఎముకల మెత్తదనం కొనసాగుతుంటే ఇంకో సాషే రాసుడు ఆపి ఫాస్ఫేట్ వైపు చూడాలె.

క్లోథో అనే ఇంకో ప్రోటీన్ లేకుంటే ఎఫ్‌జీఎఫ్-23 కిడ్నీ రిసెప్టర్‌కి సరిగా అతుక్కోదు. క్లోథోని 1997ల జపాన్‌ల ఎలుకలల్ల కనిపెట్టిన్రు, అది లేని ఎలుకలు తొందరగా ముసలివైపోతున్నయని. అది ఎఫ్‌జీఎఫ్-23కి జోడీ అని 2006ల తేలింది. కిడ్నీల క్లోథో ఎక్కువ కాబట్టే ఈ హార్మోన్ దెబ్బ అక్కడ తగులుతది. కండరాల బలహీనత ఎందుకంటే కణానికి ఖర్చు పెట్టుకునే శక్తి ఏటీపీ, అందులో ఫాస్ఫేటే ఉంది, అది కరువైతే కండరం నడవదు.

ఈ ప్రోటీన్ కథ బయటపడ్డ తీరు కూడా చెప్పాలె. 1959ల జ్యూరిచ్‌ల ప్రాడర్ అనే పిల్లల డాక్టర్ రికెట్స్‌తో ఉన్న ఒక అమ్మాయి పక్కటెముకల ఒక గడ్డ తీసేపిస్తే రికెట్స్ తగ్గిపోయింది, గడ్డ నుంచి ఏదో పదార్థం వస్తుంది అని ఆయన అనుకున్నడు. అదేందో తెలియడానికి 40 ఏళ్లు పట్టింది. 2000ల వంశపారంపర్యంగా ఫాస్ఫేట్ పోయే కుటుంబాలల్ల ఎఫ్‌జీఎఫ్-23 జీన్ తప్పు దొరికింది, 2001ల జపాన్ వాళ్లు అట్లాంటి గడ్డలల్ల నుంచి అదే ప్రోటీన్‌ని పట్టిన్రు. ఆ కుటుంబాలల్ల తప్పు ఎక్కడంటే, ప్రోటీన్‌ని 179వ, 180వ అమైనో ఆమ్లాల నడుమ కోసి పని ఆపే చోటు ఉంటది, ఆ చోటు దగ్గర అక్షరం మారి కత్తెర పడదు. కోయకపోతే ప్రోటీన్ బతికే ఉంటది, పని చేస్తనే ఉంటది.

కత్తెర సంగతి ఎందుకు ఇంత చెప్తున్ననంటే ఐరన్ ఇంజెక్షన్. ఐరన్ తక్కువైతే ఎముక ఎఫ్‌జీఎఫ్-23ని ఎక్కువ తయారు చేస్తది, కానీ బాగున్న మనిషిల అంతే ఎక్కువ కోసేస్తది కూడా, కాబట్టి నష్టం లేదు. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అనే ఐరన్ ఇంజెక్షన్ పెడితే కొందరిల ఆ కత్తెర ఆగిపోతది, పూర్తి ప్రోటీన్ రక్తంల పెరిగి ఫాస్ఫేట్ పడిపోతది. ఒకసారి పెడితే కొన్ని వారాల్ల సర్దుకుంటది, మళ్లీ మళ్లీ పెడితే ఎముకలు నిజంగానే మెత్తబడతయి. ఇప్పుడు మన దగ్గర చిన్న టౌన్లల్ల కూడా ఈ ఇంజెక్షన్ ధారాళంగా నడుస్తుంది, మంచి మందే, కానీ పెట్టినంక మనిషి నీరసం పోలేదు, ఇంకా పెరిగింది అంటే రక్తం చూసుడుతో పాటు ఫాస్ఫరస్ చూడాలె. ఈమెకి ఒకసారే పెట్టిన్రు, పైగా నొప్పులు దానికి రెండేళ్ల ముందే మొదలైనయి, 1.6 రిపోర్ట్ కూడా ఇంజెక్షన్ కంటే ముందుదే. కాబట్టి అది కారణం కాదు. పాత కాగితాలు పారేయొద్దమ్మా అని చెప్పేది ఇందుకే, తారీకులే కేసు తేల్చినయి.

వంశపారంపర్యం ఉందా అని కూడా చూసినం, ఎందుకంటే పైన చెప్పిన కత్తెర తప్పు ఉన్న ఆడవాళ్లల్ల కొందరికి చిన్నప్పుడు ఏమీ లేకుండ, పెద్దయినంక ఐరన్ తగ్గినప్పుడే బయటపడొచ్చు. ఎఫ్‌జీఎఫ్-23 పెంచే ఇంకో వంశపారంపర్య జబ్బు, పీహెచ్ఈఎక్స్ జీన్ జబ్బైతే చిన్నప్పటి నుంచే కాళ్లు వంకర, పొట్టితనం, పళ్లకు చీము గడ్డలు. ఈమె తోబుట్టువులు, పిల్లలు ఎవరికీ ఫాస్ఫరస్ తక్కువ లేదు, ఈమె ఎత్తు బాగుండె, పెండ్లప్పుడు ఇద్దర్లో ఈమెనే పొడుగు అన్నడు భర్త. అంటే మధ్యల వచ్చిన జబ్బు. మధ్యల వచ్చింది అంటే ఒంట్ల ఎక్కడో గడ్డ ఉండొచ్చు.

హైదరాబాద్ ల్యాబ్‌కి పూర్తి ఎఫ్‌జీఎఫ్-23 టెస్ట్ పంపినం. ముక్కల్ని కూడా కలిపి లెక్కబెట్టే టెస్ట్ ఇంకొకటి ఉంటది, అది ఐరన్ తక్కువున్నా పెరుగుతది, కాబట్టి ఈమెకి పూర్తిదే కావాలని రాసి పంపిన. రిజల్ట్ పై హద్దుకి నాలుగు రెట్లు వచ్చింది. రక్తంల ఫాస్ఫేట్ 1.4 ఉన్నప్పుడు అది నార్మల్ ఉన్నా తప్పే, నాలుగు రెట్లు అంటే ఇంక మాట్లాడేది లేదు.

గడ్డ ఎక్కడ

ఈ గడ్డలు చిన్నగా, నెమ్మదిగా, నొప్పి లేకుండ ఉంటయి, తల నుంచి కాలివేళ్ల దాకా ఎక్కడైనా, చర్మం కింద, ఎముకల, ముక్కు పక్క సైనస్‌లల్ల. అందుకే ముందు చేతులతోటి వెతకాలె, నోరు, ముక్కు, చంకలు, గజ్జలు, అరికాళ్లు. ఈమె ఎడమ అరికాలు, ముందు భాగంల, ఒక చిన్న గట్టి ముద్ద తగిలింది. "అది ఆనెకాయ సారూ, ఎప్పటినుంచో ఉంది, చెప్పులేసుకుంటే వొత్తుకుంటది" అన్నది. ఆనెకాయ అయితే పైన చర్మం గట్టిపడి ఉండాలె, దీని మీద చర్మం మెత్తగా జరుగుతుంది, ముద్ద లోపల ఉంది. అనుమానమే కానీ రుజువు కాదు, చేతికి దొరికిన ముద్ద దోషి అనుకొని కోసేసి, ఫాస్ఫేట్ పెరగక మళ్లీ మొదటికి వచ్చే కేసులు ఉంటయి.

ఈ గడ్డల మీద సొమాటోస్టాటిన్ అనే హార్మోన్ రిసెప్టర్లు ఎక్కువ ఉంటయి, వాటికి అతుక్కునే గాలియం-68 డోటాటేట్ మందు ఇచ్చి పెట్ సీటీ తీస్తే అవి వెలుగుతయి. మామూలు గ్లూకోజ్ పెట్ కంటే దీనికి ఇదే మేలు. స్కాన్ రాసేటప్పుడు ఒక మాట పెద్దగా రాసిన, తల పైనుంచి కాలివేళ్ల చివర దాకా అని. మామూలుగా క్యాన్సర్‌కి తీసే పెట్ తొడల మధ్యలనే ఆపేస్తరు, అట్ల ఆపితే అరికాలి గడ్డ ఏ జన్మల దొరకదు. స్కాన్ సెంటర్‌కి ఫోన్ చేసి కూడా చెప్పిన, ఎందుకంటే చీటీల రాసింది అక్కడ టెక్నీషియన్ దాకా పోతదని నమ్మకం లేదు.

డబ్బులు వెంటనే లేవు. పత్తి అమ్మినంక పోదాం సార్ అన్నడు భర్త. ఆ లోపల ఖాళీగా ఉంచలేదు, ఫాస్ఫేట్, కాల్సిట్రియాల్ మొదలుపెట్టినం. కాల్సిట్రియాల్ ఎందుకంటే అది ముందే యాక్టివ్ అయిన రూపం, కిడ్నీల తాళంతో పని లేదు. ఫాస్ఫేట్‌కి జూలీ సొల్యూషన్, ఒక్కో మిల్లీలీటర్‌ల సుమారు 30 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ ఉంటది, రోజుకి నాలుగైదు సార్లు చేసి ఇయ్యాలె, ఒకేసారి పోస్తే విరేచనాలు. ఆమెకి అయినయి కూడా, "నోట్ల పెడితేనే వాంతికొస్తది" అని రెండుసార్లు ఆపేసింది, మజ్జిగల కలుపుకుంటా అన్నది, వద్దన్న, పాలల్ల, మజ్జిగల కాల్షియం ఉంటది, ఫాస్ఫేట్‌ని పట్టేసుకుంటది, నీళ్లల్లనే కలుపుకోమన్న. కాల్షియం గోళీ కూడా అదే టైంకి వేసుకోవద్దు. దీంతో కాళ్లల్ల కొంచెం బలం వచ్చింది, రక్తం 1.9 దాకా పోయింది, నార్మల్ చేయాలని డోస్ ఎక్కించలేదు, అట్ల ఎక్కిస్తే కిడ్నీలల్ల కాల్షియం పేరుకుంటది, పారాథైరాయిడ్ గ్రంథులు మొండికేస్తయి.

సంక్రాంతి దాటినంక స్కాన్ అయింది. ఎడమ అరికాలు వెలిగింది, గట్టిగా. పక్కటెముకలు, తొడ ఎముక మెడ దగ్గర కూడా కొంచెం కొంచెం వెలుగు ఉంది, రిపోర్ట్‌ల వాటిని చూసి ఇంట్లోళ్లు క్యాన్సర్ పాకింది అని ఏడ్చిన్రు. అవి పగుళ్లు, మానుతున్న పగులు కూడా ఈ స్కాన్‌ల కొంచెం వెలుగుతది, ఎక్స్‌రే పక్కన పెట్టి చూస్తే లూజర్ జోన్లు ఉన్న చోట్లే అవి. ఆ సాయంత్రం వాళ్లకు ఈ తేడా చెప్పుడుకే ఎక్కువసేపు పట్టింది. ఎంఆర్ఐల ముద్ద 1.6 సెంటీమీటర్లు, రెండో, మూడో వేళ్ల ఎముకల తలల నడుమ, లోపల.

ఆపరేషన్, తర్వాత

హైదరాబాద్‌ల ఎముకల గడ్డలు చూసే సర్జన్ దగ్గరికి పంపినం. దీన్ని ఇక్కడనే చిన్న ఆపరేషన్ థియేటర్‌ల కొవ్వు గడ్డ తీసినట్టు తీయించొచ్చు కదా అని వాళ్ల చుట్టం ఒకాయన పట్టుబట్టిండు, ఖర్చు తక్కువ అని. నేను ఒప్పుకోలేదు. చుట్టూ కొంచెం మంచి కండ కలిపి తియ్యకపోతే మిగిలిన కొన్ని కణాలే మళ్లీ ఎఫ్‌జీఎఫ్-23 వదులుతయి, రెండోసారి అరికాలు కొయ్యుడు మొదటిసారంత సులువు కాదు. బయాప్సీ రిపోర్ట్: ఫాస్ఫాటూరిక్ మెసెంకైమల్ ట్యూమర్, క్యాన్సర్ కాదు, అంచులు క్లియర్. ఇట్లాంటి గడ్డలల్ల చాలావాటిల ఎఫ్ఎన్1, ఎఫ్‌జీఎఫ్ఆర్1 అనే రెండు జీన్లు అతుక్కపోయి ఉంటయని 2015 ప్రాంతంల తేలింది, ఈమె గడ్డకు ఆ టెస్ట్ చేయించలేదు, చేయించినా ట్రీట్‌మెంట్ మారేది లేదు.

ఎఫ్‌జీఎఫ్-23 రక్తంల ఎక్కువసేపు బతకదు, గంట లోపే సగం అయిపోతది, కాబట్టి గడ్డ పోతే తూము వెంటనే దిగుతది. ఆపరేషన్ ముందు రోజు ఫాస్ఫేట్ మందు ఆపితే 1.5 ఉంది, రెండో రోజు 2.1, ఆరో రోజు 3.0, ఫాస్ఫేట్ మందు లేకుండనే. ఏఎల్‌పీ మాత్రం మొదటి రెండు నెలలు తగ్గకపోగా పెరిగింది. భర్త ఆ రిపోర్ట్ వాట్సాప్‌ల పెట్టి మళ్లీ వచ్చిందా సార్ అని అడిగిండు. ఎముక ఇన్నేళ్ల ఆకలి తీర్చుకుంటుంది, కొత్త మినరల్ పడేటప్పుడు ఏఎల్‌పీ అట్లనే ఎక్కుతది, అందుకే కొన్నాళ్లు కాల్షియం, కాల్సిట్రియాల్ కొనసాగించినం, ఆ టైంల కాల్షియం పడిపోయే ప్రమాదం ఉంటది.

గడ్డ దొరకనోళ్లు, తియ్యలేని చోట ఉన్నోళ్ల సంగతి ఏంది అంటే బురోసుమాబ్ అనే యాంటీబాడీ ఉంది, అది ఎఫ్‌జీఎఫ్-23నే పట్టుకొని పని చెయ్యనియ్యదు. అమెరికాల 2018ల పుట్టుకతో వచ్చే జబ్బుకి, 2020ల ఈ గడ్డల జబ్బుకి అనుమతి వచ్చింది. ధర చూస్తే పత్తి రైతు ఇంట్ల మాట్లాడే విషయం కాదు. వాళ్లకు ఇప్పటికీ జూలీ సొల్యూషన్, కాల్సిట్రియాలే.

ఇంకో మాట. ఎఫ్‌జీఎఫ్-23 పెరిగే మనుషులు ఈ అరుదైన గడ్డలోళ్లు మాత్రమే కాదు, కిడ్నీ జబ్బు మొదలైన వాళ్లల్ల కూడా పెరుగుతది, క్రియాటినిన్ బాగా ఎక్కకముందే. అక్కడ కథ తిరగబడి ఉంటది, పంపులు దిగినా వడకట్టే కిడ్నీయే తగ్గింది కాబట్టి ఫాస్ఫేట్ బయటికి పోదు, హార్మోన్ మాత్రం ఎక్కుతనే ఉంటది, గుండె గోడ మందం అవుటకి కూడా దీనికీ సంబంధం ఉందని 2011 నుంచి చెప్తున్నరు. అది వేరే పెద్ద సబ్జెక్ట్.

మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు మండలాలల్ల నేను చూసే నొప్పుల మనుషులల్ల ఎక్కువమంది ఫ్లోరోసిసే, వాళ్ల బాధ నిజమే, ఈ కేసు చూపించి ఎవరూ ఫ్లోరైడ్ లేదు అనొద్దు. నేను పాటించేది ఇంతే: కింద కూసున్న మనిషి చేతులు ఆనించకుండ లేవలేకపోతే, ముంజేయి ఎక్స్‌రే శుభ్రంగా ఉంటే, పరగడుపున ఫాస్ఫరస్ ఒకటి, దానితో పాటు గ్లాసెడు కూడా అక్కర్లేని మూత్రం. ఏ చిన్న ల్యాబ్‌ల అయినా అయ్యే టెస్టులే ఇవి, ఆ తర్వాతవే హైదరాబాద్.

ఏడాదికి ఆమె తొడ ఎముక మెడ దగ్గరి గీతలు నిండినయి, ఫాస్ఫరస్ 3.4, పూర్తి ఎఫ్‌జీఎఫ్-23 నార్మల్. నడుం వంపు, పోయిన ఎత్తు రాలేదు, రాదు కూడా, కుంగిన వెన్నుపూస మళ్లీ లేవదు, ఆ సంగతి ముందే చెప్పినం. కలుపుకి పోతుంది, బస్తా మాత్రం ఎత్తొద్దన్నం. అరికాలు మచ్చ దగ్గర ఎక్కువసేపు నిలబడితే నొప్పి. గడ్డ తిరిగి రావొచ్చు కాబట్టి ఆరు నెలలకోసారి పరగడుపున ఫాస్ఫరస్ చేయించమన్న, పోయినసారి ఆమె రాలేదు, ఏంది అని ఫోన్ చేస్తే "ఏరుడు టైం సారూ, అయినంక వస్త" అన్నది, భర్తని మా కాంపౌండర్ పోయి కలిసి, వచ్చే సోమవారం పొద్దున ఏం తినకుండ తీసుకురమ్మని చెప్పొచ్చిండు.